ఈకలు పడని గద్ద

వెండి బిళ్ళనే గాని రూపాయిని కాను నేను. మీ రూపాయి పక్కన పెడితే దాని పెద్దక్కలా కనిపిస్తాను. నా పేరు డాలరు. ఒకవైపు కిరీటం పెట్టుకున్న ఆడమనిషి తల, ఇంకోవైపు రెక్కలు చాచిన గద్ద. పుట్టింది అమెరికా దేశంలో, దక్షిణపు కొసన ఉన్న న్యూ ఆర్లీన్స్ టంకశాలలో. బతుకు గడిచింది మాత్రం గుంటూరు జిల్లాలో, కాన్పులు చేసే ఒక నర్సమ్మ రొంటిన.

నా పుట్టుక గురించి కాస్త చెప్పుకోవాలి. నావల్ల వచ్చిన గొడవంతా అక్కడిదే. నాణెం చేయాలంటే ఉక్కుతో చెక్కిన అచ్చులు రెండు కావాలి. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో నున్నటి వెండి బిళ్ళ. మరయంత్రం ఒక్కసారి నొక్కేసరికి వెండి మెత్తటి పిండిలా కదిలి అచ్చులోని గుంటల్లోకి పాకుతుంది. ఆ గుంటల్లో మరీ లోతైనవి ఆడమనిషి చెవిపైన జుట్టు, గద్ద రొమ్ము. అక్కడిదాకా వెండి చేరాలంటే నొక్కు బలంగా పడాలి. శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో అలా పడేది. అక్కడ పుట్టిన నా అక్కచెల్లెళ్ళ గద్దలకు ఈక ఈకా వేరుగా కనిపిస్తుంది. ఫిలడెల్ఫియాలో ఒకరోజున్నట్టు ఇంకోరోజు ఉండేది కాదు. మా న్యూ ఆర్లీన్స్‌లో రెండు అచ్చుల నడుమ వెంట్రుకవాసి ఎడం ఎక్కువ ఉంచేవారు. అలా ఉంచితే అచ్చులు ఎక్కువకాలం మన్నుతాయట. పొదుపు మంచిదే, కాకపోతే ఆ పొదుపంతా వచ్చి నా గద్ద రొమ్ము మీద పడింది. మా దగ్గర పుట్టినవాళ్ళందరూ ఇంతేనని అనను, చక్కగా అచ్చుపడ్డవాళ్ళూ ఉన్నారు. నా ఆడమనిషి జుట్టు మాత్రం ఆముదం రాసి అణిచినట్టు చదునుగా వచ్చింది. నా గద్ద రొమ్ము ఈకలు పీకిన కోడిలా నున్నగా వచ్చింది.

ఆ తర్వాత చాలాకాలం సంచిలో, ఇనప గదిలో, నాలాంటివాళ్ళ మధ్య పడుకున్నాను. ఏ సంతలోనూ ఏ చేతిలోనూ తిరగలేదు. ఒక చిన్న ఊళ్ళో కొట్టు నడుపుకునే పెద్దాయన బ్యాంకు నుంచి రెండు డాలర్లు తెచ్చి, డాక్టరు చదివి ఇండియా వెళుతున్న కూతురు చేతిలో పెట్టాడు. ఒకదాన్ని నేను. రెండోది నా ఏడాదిలోనే శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టింది. ఇద్దరం ఒకే గుడ్డసంచిలో సముద్రం దాటాం. అది మంచిదే, గర్వమేమీ లేదు.

ఆ డాక్టరమ్మ పేరు ఎలనార్. మిషను ఆస్పత్రికి వచ్చే పల్లెటూరి ఆడవాళ్ళకు ఆ పేరు నోరు తిరక్క ఎల్లమ్మగారని పిలిచారు. ఏసుప్రభువు సేవకు వచ్చినామెను గ్రామదేవత పేరుతో పిలుస్తున్నారని తోటి దొరసానులు నొచ్చుకున్నారు గాని, ఆమె నవ్వి ఊరుకుంది. ఆమె తెలుగు పుస్తకంలోంచి నేర్చుకున్న తెలుగు. "నొప్పి ఎచ్చట కలుగుచున్నది?" అని అడిగితే, రోగులు నొప్పి ఎక్కడుందో మరిచిపోయి పైట నోటికడ్డం పెట్టుకునేవాళ్ళు.

ఆస్పత్రిలో మొదటిసారి నర్సు పని నేర్చుకుని పూర్తిచేసింది ఇద్దరు పిల్లలు. ఒకరు దీనమ్మ, చర్చిలో వాక్యం చెప్పే ఉపదేశిగారి కూతురు. ఇంకొకరు సువార్త. సువార్త తండ్రి తోళ్ళ పని చేసేవాడు, రైతుల మోటబావులకు తోలుబానలు కుట్టేవాడు. ఇద్దరూ ఒకే గదిలో ఉండి, ఒకే బుడ్డిలో నూనె రాసుకుని, ఒకరి జడ ఒకరు వేసుకుని చదువుకున్నారు. చదువు ముగిసినరోజు ప్రార్థన అయ్యాక ఎల్లమ్మగారు సంచిలో చెయ్యిపెట్టి, మొదట చేతికి తగిలినదాన్ని దీనమ్మకు, మిగిలిన నన్ను సువార్తకు ఇచ్చింది. ఆమె చూసి ఇవ్వలేదు. అప్పుడామె కళ్ళనిండా నీళ్ళున్నాయి, చూసినా కనపడేది కాదు.

సాయంత్రం వరండాలో కూర్చుని స్నేహితులిద్దరూ బిళ్ళలు పక్కపక్కన పెట్టుకున్నారు.

"నీ గద్దకు ఈకలేవే?" అంది దీనమ్మ, అని నాలుక కరుచుకుంది.

సువార్త నన్ను వెలుగుకు తిప్పి చూసింది. పక్కదాన్ని చూసింది. మళ్ళీ నన్ను చూసింది.

"వాడేసిందిలే," అంది.

"అయితే మార్చుకుందాం. నాకేదైనా ఒకటే."

"ఇచ్చినోళ్ళకు తెలియదా ఎవరికేది ఇయ్యాలో. ఉంచుకో."

అంతకుమించి ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి సువార్త తన జడ తనే వేసుకుంది.

నోరుంటే చెప్పేదాన్ని. అమ్మాయీ, నేను ఎవరూ వాడి వదిలేసిన దాన్ని కాదు, పుట్టడమే ఇలా పుట్టాను అని. మనుషులు మా మీద ఎన్నో మాటలు చెక్కుతారు, మేము అడిగినవి మాత్రం చెక్కరు.

ఆ నెలలోనే ఎల్లమ్మగారు సువార్తను పిలిచి, "నీవు నాపరాళ్ళపాడునకు వెళ్ళవలయును. అచ్చట చిన్న ఆస్పత్రి తెరిచెదము," అని చెప్పింది. నాపరాళ్ళపాడు పల్నాటి వైపు ఎండకు పగిలిన ఊరు. దీనమ్మ పట్నంలోనే పెద్ద ఆస్పత్రిలో ఉండిపోయింది. సువార్తకు ఇదీ అదీ ఒకే లెక్కలో కలిసిపోయాయి. అరిగిన బిళ్ళ, ఎండిన ఊరు. ఉపదేశిగారి బిడ్డకు ఒకటి, తోళ్ళవాడి బిడ్డకు ఒకటి. తల వంచుకుని "అట్టాగేనండీ" అంది. నన్ను చిన్న గుడ్డలో చుట్టి రొంటిన దోపుకుని బండెక్కింది.

అంత బాధ పెట్టినదాన్ని ఎందుకు వెంట మోసిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. కొందరు నొప్పిపుట్టే చోటనే మాటిమాటికీ వేలితో నొక్కి చూసుకుంటారు. అలాంటిదే అయి ఉంటుంది.

నాపరాళ్ళపాట్లో మొదట ఎవరూ ఆమెను గడప తొక్కనివ్వలేదు. తర్వాత ఒక పద్ధతి ఏర్పడింది. నొప్పులు మొదలయ్యేదాకా ఆచారం, మొదలయ్యాక సువార్తమ్మ. బిడ్డ పడ్డాక ఆమె నడిచిన చోటల్లా పసుపునీళ్ళు చల్లుకునేవాళ్ళు. ఆ నీళ్ళు ఆరకముందే ఇంకో ఇంటినుంచి పిలుపు వచ్చేది. ఆమె ఎవరినీ ఏమీ అనేది కాదు. చేతులు వేడినీళ్ళతో, సబ్బుతో మోచేతులదాకా కడుక్కునేది. కత్తెర, దారం, గుడ్డ అన్నీ మరగబెట్టేది. ఆమె వచ్చాక ఊళ్ళో బాలింతల చావులు తగ్గాయని కరణంగారి భార్యే ఒప్పుకుంది. పట్నం నుంచి ఎల్లమ్మగారు వచ్చినప్పుడు మాత్రం సువార్త అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేది. దీనమ్మ కబురు పంపితే "బాగున్నానని చెప్పు" అనేది. ఇలా పదీపన్నెండేళ్ళు గడిచాయి.

ఒక వేసవిలో పేరయ్య అనే రైతు ఇంట్లో కాన్పు వచ్చింది. అతని భార్య వీరమ్మకు ఇది తొలిచూలు. అత్త అంకమ్మ నోరున్న మనిషి, ఊళ్ళో ఆమె మాట మీద బావిలో బొక్కెన కూడా ఆగుతుందనేవారు. బిడ్డ అడ్డం తిరిగింది. సువార్త ముందురోజు సాయంత్రం వెళ్ళింది, తెల్లారి ఎండ వాకిట్లోకి వచ్చేదాకా ఆ మంచం పక్కనుంచి లేవలేదు. రొంటిన ఉన్న నేను ఆమె చెమటకు గుడ్డతో సహా తడిసిపోయాను. చివరకు బిడ్డ కాళ్ళు దొరకబుచ్చుకుని మెల్లగా బయటికి తెచ్చింది. ఆడపిల్ల. కాసేపు ఏడవలేదు, సువార్త వీపు నిమిరి, నోట్లో వేలుపెట్టి జిగురు తీసి, ఊపిరూదితే అప్పుడు ఏడ్చింది. తల్లీబిడ్డా బతికారు.

గుడ్డతో తుడుస్తూ ఉంటే కనిపించింది. బిడ్డ కుడిచెవి మామూలుగా ఉంది. ఎడమచెవి ఉండవలసిన చోట చిక్కుడుగింజంత మెత్తటి ముడి, అంతే.

అంకమ్మ చూసి ఇల్లు అదిరేలా అరిచింది. "చెవి పీకేసిందిరా నాయనా. తోళ్ళు పీకే చేతులు, బిడ్డ చెవి పీకేశాయి."

సువార్త బిడ్డను గుడ్డలో చుట్టి తల్లి పక్కన పడుకోబెట్టింది. వీరమ్మ మంచం మీద తెలివున్నదో లేనిదో తెలియకుండా పడి ఉంది. అరుపులకు జనం చేరారు. పేరయ్య సువార్త పెట్టెను తీసుకెళ్ళి వీధిలో పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. అతనూ భయపడినవాడే.

మధ్యాహ్నానికల్లా ఊరంతా ఒకటే మాట. చిన్నాస్పత్రి దోవకు అడ్డంగా ఎవరో తుమ్మకంప పడేశారు. మందుకు వచ్చేవాళ్ళు ఆగిపోయారు. సువార్తకు తన సంగతికన్నా ఆ పిల్ల సంగతి ఎక్కువైంది. బొడ్డు కట్టు మార్చాలి, తల్లికి పాలు పడ్డాయో లేదో చూడాలి. రెండుసార్లు వెళ్ళింది. రెండుసార్లూ అంకమ్మ వాకిట్లోనే నిలబెట్టి పంపేసింది. "చెవిలేని ఆడపిల్లను నాకు చేసిపెట్టావు, ఇంకేం చేస్తావు?" అంది.

ఎల్లమ్మగారు ఎండలు పడక కొడైకెనాలు వెళ్ళి ఉంది. కబురు పట్నం చేరితే బండి కట్టించుకుని వచ్చింది దీనమ్మ. అప్పటికి ఆమె ఆస్పత్రిలో నర్సులందరికీ పెద్ద. బండి దిగి, తుమ్మకంపను తనే పక్కకు లాగి, లోపలికి వచ్చి సువార్త ఎదుట నిలబడింది. ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి చెంపల దగ్గరా తెల్లవెంట్రుకలు మొదలయ్యాయి.

"తిన్నావా?" అంది దీనమ్మ.

"లేదు."

"పద. ముందు బిడ్డను చూద్దాం, తర్వాత ఇద్దరం తిందాం."

మామూలుగా బిడ్డను చూడటానికి తల్లి ఒప్పుకుంటే చాలుగాని, ఆ ఇంట్లో అత్తను దాటి గాలి కూడా పోదు. దీనమ్మ అంకమ్మకు దణ్ణం పెట్టి, "అమ్మా, బిడ్డను మీరే ఎత్తుకుని వాకిట్లో ఎండలోకి తీసుకురండి. నేను ముట్టుకోను," అంది. చుట్టూ జనం నిలబడ్డారు. సువార్త ప్రహరీ బయట నిలబడింది. అంకమ్మ బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

"ఇప్పుడు మీ వేలితో ఆ చోటు తడమండి," అంది దీనమ్మ. "పుండుందా? పొక్కు కట్టిందా?"

అంకమ్మ తడిమింది. "లేదు."

"బిడ్డ ఏడ్చిందా మీరు ముట్టుకుంటే?"

"లేదు."

"చెవి తెగితే నెత్తురు కారదా? బిడ్డను చుట్టిన గుడ్డ మీరే ఉతికారంట. చెవి దగ్గర నెత్తురు మరకుందా?"

అంకమ్మ పైటచెంగు బిడ్డ ముఖానికి ఎండ తగలకుండా అడ్డం పెట్టింది. దీనమ్మ తన మణికట్టు చాపి చూపించింది. చిన్నప్పుడు గంజి పడి కాలిన మచ్చ. "తెగినా కాలినా ఒంటికి గుర్తుంటుందమ్మా. చుట్టూ ముడత పడుతుంది, రంగు మారుతుంది. ఈ పిల్ల చర్మం చూడండి, కొత్త ఆకులాగా నున్నగా ఉంది. ఇది ఎవరూ చేసింది కాదు. కడుపులోనే ఆ చెవి సగంలో ఆగిపోయింది. పుట్టుకే అంత."

అంకమ్మ ముఖంలో నమ్మినట్టూ లేదు, నమ్మనట్టూ లేదు. అప్పుడు లోపలి గడపలోంచి, తలుపు రెక్క పట్టుకుని వీరమ్మ మాట్లాడింది. బాలింత అలా బయటికి రాకూడదు. వచ్చింది.

"నాకు తెలివుంది అత్తా. కళ్ళు తెరిచే ఉన్నా. ఆమె ముందు కాళ్ళు పట్టుకునే తీసింది, తలను అరచేతిలో పెట్టుకుని దించింది. చెవి జోలికే పోలా. నువ్వు అరుస్తుంటే నాకు నోరు రాలేదు." కాసేపు ఆయాసపడి మళ్ళీ అంది, "ఆమె లేకపోతే నేను లేను, అది లేదు. నువ్వు అది కూడా అరిచి చెప్పు."

కోడలు అత్తకు ఎదురు చెప్పడం ఆ వాకిలి అంతకుముందు విని ఉండదు. పేరయ్య తల దించుకున్నాడు. తర్వాత వెళ్ళి ప్రహరీ తలుపు తీసి, "లోపలికి రామ్మా, బొడ్డు కట్టు మార్చాలంటివి గదా," అన్నాడు సువార్తతో.

అంకమ్మ తప్పయిందని అనలేదు. అలా అనడం ఆమెకు చేతకాదు. మర్నాడు పొద్దున మాత్రం ఈనిన గేదె జున్నుపాలు చెంబునిండా పంపించింది. తెచ్చిన పాలేరుతో, "అడుగంటకుండా కాచుకోమని చెప్పు, వాళ్ళకు తెలియదేమో," అని కూడా చెప్పి పంపింది.

ఆ జున్ను తింటూ స్నేహితులిద్దరూ చిన్నాస్పత్రి పంచలో కూర్చున్నారు. సువార్త తినడం ఆపి ఏదో ఆలోచిస్తూ ఉంది. తర్వాత రొంటినుంచి గుడ్డముడి తీసి, నన్ను అరచేతిలో పెట్టుకుంది. ఇన్నేళ్ళూ నన్ను తడిమింది, నొక్కింది, తిట్టుకుంది. చూడటం మాత్రం ఆరోజే చూసింది. వాలుగా పట్టుకుని ఎండ నామీదుగా జారనిచ్చింది. గద్ద రొమ్ము నున్నగా ఉంది, కాని దానిమీద గీత లేదు, గీరు లేదు. చుట్టూ అక్షరాలు నిన్న చెక్కినట్టు నిక్కి ఉన్నాయి. అంచు మీది గంట్లు గోటికి రంపంలా తగిలాయి. రెక్కల మధ్య మెరుపు పాలమీద వెన్నెలలా కదిలింది.

"నీది తెచ్చావా?" అంది.

దీనమ్మ మందుల పెట్టె అడుగునుంచి తన బిళ్ళ తీసి ఇచ్చింది. నా సముద్రపు తోడు. రెంటినీ పక్కపక్కన పెట్టి సువార్త వంగి చూసింది. గద్ద కింద, ఆకుల దండ దగ్గర, దానికి ఎస్ అనే అక్షరం, నాకు సున్నలాంటి ఓ, మేం పుట్టిన టంకశాలల గుర్తులు.

"వేరే వేరే చోట్ల పుట్టాయేమోనే ఇవి," అంది. "అరిగితే ముందు అంచు అరగాలి. అక్షరాలు అరగాలి. వాటికేం కాకుండా నడిమధ్య ఒక్కచోటే అరుగుద్దా? ఇది అరగలేదు దీనా. ఇది పుట్టుకే." నన్ను గుప్పిట్లో మూసింది. "ఎన్ని వందల బిడ్డల్ని ఎత్తానో. ఏది పుట్టుమచ్చో ఏది దెబ్బో కళ్ళు మూసుకుని చెప్తా. దీన్ని ఒక్కరోజన్నా సరిగ్గా చూడలా. వాడేసింది నా మొహాన కొట్టిందని ఆ తల్లిమీద ఇన్నేళ్ళు కోపం పెట్టుకున్నా."

దీనమ్మ గిన్నె కింద పెట్టింది. "నేనొకటి చెప్పాలి. ఈ ఊరికి ఎవరు పోతారని ఎల్లమ్మగారు ముందు నన్నే అడిగారు. నేను ఏడ్చాను. తోడు లేకుండా ఉండలేనన్నాను. అప్పుడావిడ, 'సువార్త ఉండగలదు. నేను దగ్గర లేకున్నను ఆమె చేయగలదు,' అన్నారు. అచ్చం అట్టాగే అన్నారు."

సువార్త గుప్పిట విప్పి నన్ను రెండో బిళ్ళ పక్కన పెట్టింది. "ఆ మాట నాకెవరూ చెప్పలా," అంది.

"నువ్వు మాట్లాడితేగా చెప్పేది. కబురు పంపితే బాగున్నానని చెప్పు అనడమేగా నీ భాష."

సువార్తకు నవ్వొచ్చింది, నవ్వుతూ ఏడుపొచ్చింది. రెండూ ఆపుకోకుండా తన గిన్నెలో మిగిలిన జున్ను దీనమ్మ గిన్నెలోకి వంచింది. ఎల్లమ్మగారు కొండ దిగి వచ్చాక సువార్త పట్నం వెళ్ళింది. ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు, ఆరోజు నన్ను దిండు కింద పెట్టి వెళ్ళింది. తిరిగి వచ్చినప్పుడు మాత్రం దారంతా పాడుకుంటూ వచ్చిందని బండివాడు చెప్పాడు.

పట్నం ఆస్పత్రిలో పెద్ద పని ఇస్తామన్నా సువార్త నాపరాళ్ళపాడు వదల్లేదు. పేరయ్య కూతురికి చెంచమ్మ అని పేరు పెట్టారు. ఆ పిల్లకు ఎడమవైపు వినపడదు. సువార్త ఎప్పుడూ ఆమెకు కుడివైపునే కూర్చుని అక్షరాలు చెప్పేది. పళ్ళు వచ్చే వయసులో చిగుళ్ళు దురదపెట్టి ఏడుస్తుంటే, ఒకనాడు నన్నే మరగబెట్టి చల్లార్చి ఆ పిల్ల చేతికిచ్చింది. వెండి చల్లగా ఉంటుంది, మింగడానికి వీల్లేనంత పెద్దదాన్ని. పిల్ల ఏడుపు మానింది. దాంతో ఊళ్ళో తల్లులందరూ "గద్దబిళ్ళ ఒకసారి ఇయ్యమ్మా" అని రావడం మొదలుపెట్టారు. పసుపునీళ్ళు చల్లుకున్న ఇళ్ళవాళ్ళూ వచ్చారు. వాళ్ళ బిడ్డల నోళ్ళలోకి సువార్త రొంటినుంచి నేను వెళ్ళాను, ఎవరూ అభ్యంతరం పెట్టలేదు. మనుషుల ఆచారాలు పళ్ళు వచ్చేటప్పుడు కాస్త వదులవుతాయి.

దీనమ్మ ముందు వెళ్ళిపోయింది, తర్వాత కొన్నేళ్ళకు సువార్త. వెళ్ళేముందు నన్ను చెంచమ్మ చేతిలో పెట్టి, "మరగబెట్టకుండా ఎవరికీ ఇయ్యమాక," అని చెప్పింది. ఆస్తి అప్పగించేటప్పుడు మనుషులు చెప్పే మాటల్లో అంతకన్నా మంచిది నేను వినలేదు.

ఇప్పుడు చెంచమ్మే ముసలిదైంది. నా అక్షరాలు కలిసిపోయాయి, ఏడాది కనపడదు, అంచు గంట్లు పోయి నున్నబడ్డాను. టంకశాలలో నొక్కు చాలక పోయింది కొంత, పసిచిగుళ్ళు నమిలితే పోయింది మిగతాది. ఏది దేనివల్లో ఇక ఏ కంటికీ తెలియదు. నాకు తెలుసు. రెండోది పోయినందుకు నాకు దిగులేమీ లేదు.

ఎదురింటి మనవరాలికి కింది పన్ను వస్తోందట, పొద్దుటినుంచి పేచీ. చెంచమ్మ గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యిమీద పెట్టి నన్ను అందులో వేసింది. ఆ పిల్ల తల్లి తొందరపడుతూ, "చాల్లే పెద్దమ్మా, వేడెక్కిందిగా," అంది.

చెంచమ్మ కుడిచెవి అటు తిప్పి విని, "నీళ్ళు ఇంకా తెర్లలేదు, కూర్చో," అంది.